యాభైలో ఆరు తూటాలు

పిస్తోలు పోటీ మధ్యలో నిర్వాహకులు కోటేశ్వరరావు తూటాలు మూడు తీసుకుని, వేగం కొలిచే పెట్టె మీదుగా కాల్చి చూశారు. ఒకటి బాగానే పోయింది. రెండు నీరసంగా పోయాయి. ఉండాల్సిన వేగం లేదు గనక ఆ రోజు ఆయన కొట్టినవేవీ లెక్కలోకి రావని పేరు మీద గీత కొట్టారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి. పిస్తోలు పెట్టెలో పెట్టి తాళం వేసుకుని, హాంబర్గ్ బస్సెక్కాడు.

ఆయన తూటాలు ఆయన నింపుకోడు. కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు కడిగి, తుపాకి మందు పోసి, గుండు బిగించేది భార్య సుభద్ర. ఈ దేశంలో మందు కొనాలన్నా నింపాలన్నా పుల్వర్‌షైన్ అనే కాగితం ఉండాలి. దానికి పరీక్ష రాయాలి. కోటేశ్వరరావు చదివింది మూడో తరగతి. ఓడలో ఖలాసీగా వచ్చి, ఇక్కడి ఓడల షెడ్డులో ఫిట్టరుగా కుదురుకున్నవాడు. ఇనుము ఏం చెప్పినా వింటాడు గానీ, కాగితం చెప్పేది ఆయన చెవికెక్కదు. అందుకని ఇరవై ఎనిమిదేళ్ళ కిందట సుభద్ర వెళ్ళి, ఇరవై మంది మగవాళ్ళ మధ్య చీర కట్టుకుని కూర్చుని రాసింది. అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెకే వచ్చాయి. అప్పటినుంచి నింపేది ఆమె, కాల్చేది ఆయన. ఫెరైన్‌లో, అంటే వాళ్ళ షూటింగు సంఘంలో, ఆయన గురి కంటే ఆమె తూటాలకే పేరు.

"ఎన్నొచ్చాయి?" అంది సుభద్ర తలుపు తీస్తూ.

"ఏం రాలా. వేగం చాల్లేదన్నారు."

"నా తూటాలకా?"

"చలికి అయ్యుంటది," అన్నాడు కోటేశ్వరరావు, బూట్లు విప్పుకుంటూ.

తప్పు చలిదైతే బాగుండునని ఆయన నిజంగానే కోరుకున్నాడు. నింపడంలోనే తప్పుంటే ఆ కాగితం ఆమె దగ్గర ఉండకూడదు. ఆ కాగితం తప్ప ఈ దేశంలో సుభద్ర తనదని చెప్పుకున్నది ఇంకోటి లేదు.

షెడ్డులో నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. యంత్రం మొరాయిస్తే ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే ఏది రోగమో తెలియదు. గురువారం గురువారం ఫెరైన్‌కు పోయి అలాగే వెతికాడు. తోడు జితేంద్ర ఉన్నాడు. కరీంనగర్ మనిషి, సాఫ్ట్‌వేర్ పని, ఇద్దరు పిల్లల తండ్రి. అతని దగ్గరా వేగం కొలిచే పెట్టె ఒకటుంది.

మొదటి వారం తూటాలను కోటు లోపల వెచ్చగా దాచి తెచ్చాడు. రెండో వారం ఒకే కంపెనీ గొట్టాలు ఏరించాడు. మూడో వారం కొత్త మందు డబ్బా విప్పించాడు. నాలుగో వారం గుండ్లన్నీ తూచాడు. ఐదో వారం ప్రతి తూటా పొడవూ కొలిచాడు, వెంట్రుకవాసి తేడా లేదు.

"వేగం మళ్ళ పడ్డది అంకుల్," అన్నాడు జితేంద్ర పెట్టె చూస్తూ. "రెండు వందల అరవై రెండు."

"దాని ముందుది?"

"రెండు తొంభై. దాని ముందుది రెండు తొంభై ఒకటి. మంచిగనే పోతయ్, నడుమల ఒకటి మూలుగుతది. యాభైల ఆరు."

కోటేశ్వరరావు కాగితం మీద, సుభద్ర నింపిన వరుసలో తూటాల పెట్టెలో అమర్చినట్టే, పదేసి గళ్ళు అయిదు వరుసలు గీసి, వేగం పడిన చోట సున్నా చుట్టాడు.

"ఇంకేమున్నది అంకుల్ చూడనీకి? అన్ని అయినయ్ గద."

కోటేశ్వరరావు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చూడనిది ఒక్కటే మిగిలింది.

నింపేవాళ్ళతో మాట్లాడకూడదు, ఆ గదిలోకి పోకూడదు. అది పరీక్షలో చెప్పిన నియమం, సుభద్ర ఇంట్లో పెట్టిన నియమం కూడా. ఇన్నేళ్ళలో ఆమె నింపుతుండగా ఆయన నేలమాళిగ మెట్లు దిగింది లేదు. ఆ శనివారం పొద్దున చెప్పులు విడిచి, మెట్లు దిగి, ఓరగా ఉన్న తలుపు పక్కన నిలబడ్డాడు.

సుభద్ర మందు కొలిచే యంత్రం మీట లాగుతోంది. గొట్టంలోకి మందు రాలుతోంది. వాళ్ళ నాన్న కళ్ళంలో ధాన్యం కొలిచినట్టే ఒకటిని 'లాభం' అంటూ లెక్కపెడుతోంది. "లాభం... రెండు... మూడు... నాలుగు..." అక్కడ ఆగింది. చెయ్యి మీట మీదే ఉంది. గోడకేసి చూస్తోంది. కాసేపటికి, అయిదు అనాల్సింది పోయి, మళ్ళీ "లాభం" అంటూ మీట లాగింది.

మీట ఆగితే మందు లోపల అతుక్కుని కూర్చుంటుంది. ఆగిన తర్వాత పడే మొదటి కొలత తక్కువ పడుతుంది, దాన్ని తిరిగి పై డబ్బాలో పోసెయ్యాలి. ఆ సంగతి ఆయనకు చెప్పింది సుభద్రే. ఇప్పుడు ఆమె దాన్ని పోసెయ్యలేదు. గొట్టంలోనే ఉంచింది. ఆమె ఆగిన చోటల్లా ఆయన, అలాగే గళ్ళు గీసి తెచ్చుకున్న కాగితం మీద గీత పెట్టాడు. ఒకసారి మందు పోసిన గొట్టాన్నే మళ్ళీ మీట కిందకు జరిపింది. ఆయన నోరు తెరిచేలోపు తనే చూసుకుని పక్కకు తీసింది.

గురువారం ఆ యాభై తూటాలూ కాల్చాడు. గీతలున్న చోటే ఆరు సున్నాలూ పడ్డాయి.

ఇంటికొచ్చి, టీ తాగుతూ, ఎంతో మామూలుగా అన్నాడు. "ఇక కాల్చను సుభద్రా. కళ్ళు ఆనడం లేదు."

సుభద్ర నవ్వింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఇన్ని వారాలూ నా మందునీ, నా గొట్టాలనీ తిప్పించారా? ముందే చెప్తే నా నడుమన్నా మిగిలేది గదా."

"తప్పు నాదే."

"పోనీలెండి. జితేంద్ర రెండు నెలల్నుంచి అడుగుతున్నాడు, ఆంటీ నాక్కూడా నింపుతారా అని. లైసెన్సు ఉన్నవాడే గదా, అతనికి నింపుతా."

కోటేశ్వరరావు కప్పు కింద పెట్టాడు. ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పడితే పిస్తోలు చేతిలోనే పగులుతుంది. తన చెయ్యి అయితే పోనిమ్మనుకునేవాడే. అది జితేంద్ర చెయ్యి.

జేబులోంచి కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. "సున్నా చుట్టిన చోట వేగం పడింది. గీత ఉన్నచోట నువ్వు ఆగావు."

సుభద్ర కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఒక్కో వరుసా వేలు పెట్టి చూసింది.

"నింపేటప్పుడు వచ్చి నిలబడ్డారా?"

"నిలబడ్డా."

"ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు మీరు."

"రాలేదు."

"కళ్ళు పోయాయని నాటకం ఒకటి."

ఆయన తల ఊపాడు.

ఆమె వేలు చివరి సున్నా మీద ఆగింది. తర్వాత కాగితం మీది నుంచి కళ్ళు తియ్యకుండానే అంది. "నాకు తెలుస్తూనే ఉందండీ. మధ్యలో ఎక్కడికో జారిపోతున్నా. తిరిగొచ్చాక మొదట్నించి ఎంచుకుంటే సరిపోతుందనుకున్నా. తెలివిలో ఉన్నంతసేపూ జాగ్రత్తగానే చేశాను."

ఆయన కప్పు పక్కకు జరిపాడు. ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు. అది మీట లాగిన చెయ్యి, బొటనవేలి పక్కన కాయ కాసి ఉంది.

పుల్వర్‌షైన్ తిరిగివ్వాలంటే ఆఫీసుకు ఉత్తరం రాయాలి. ఆయనకు రాయడం రాదు. సుభద్రే కాగితం తెచ్చుకుని కూర్చుని, జర్మన్‌లో, గీత గీసినట్టు తిన్నగా రాసింది. రాసింది ఆయనకు తెలుగులో చదివి వినిపించింది. "నా అనుమతి వెనక్కి ఇస్తున్నాను. మిగిలిన మందు ఎప్పుడు తేవాలో టెర్మిన్ తేదీ ఇవ్వండి. కారణం, మా ఆయన కాల్చడం మానేశారు."

"చాలు," అన్నాడు కోటేశ్వరరావు.

"అబద్ధం కాకూడదు మరి. మానెయ్యాలి మీరు."

"మానేశా."

బయట సన్నగా వాన పడుతోంది. తపాలా పెట్టె దాకా ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. కవరు ఆమె చేతిలోనే ఉంది. పెట్టె దగ్గర ఆయన చెయ్యి చాచాడు, తను వేస్తానని. సుభద్ర ఇవ్వలేదు. కొంగుతో కవరు మీది తడి తుడిచి, తనే వేసింది.