పచ్చి తిండి బలం

గుడ్డ మూట విప్పి మొలకెత్తిన పెసలు కడిగాను. జిగురు పట్టకుండా పూటకోసారి కడగాలి. తర్వాత నానిన బాదం పొట్టు తీయాలి. కొబ్బరి కోరాలి. క్యారెట్, కీర తరగాలి. మా ఇంట్లో పొయ్యి వెలిగి మూడు నెలలైంది. "నీ అదృష్టమే అదృష్టం తల్లీ, వంట బాధే లేదు," అంటుంది ఎదురింటావిడ. వంట లేదు, నిజమే. పని మాత్రం ఐదింటికే మొదలవుతుంది.

మా ఆయన ఇంటింటికీ తిరిగి నీళ్ల ఫిల్టర్లు అమ్ముతాడు. ఎక్కడో ఉపన్యాసం విని వచ్చి, ఇక ఈ ఇంట్లో అగ్గి తగిలిన తిండి ఉండదన్నాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక హాల్లో నలభై మందికి తనే చెబుతున్నాడు. అత్తయ్యకు పళ్లు లేవు కాబట్టి ఆవిడకు పాలు, అరటిపండు.

నాది లాండ్రీలో ఇస్త్రీ పని. ఎనిమిది గంటలు నిలబడాలి. రెండో నెలలో జుట్టు ఊడడం మొదలైంది. పోయిన నెల కళ్లు తిరిగి, కాలుతున్న పెట్టె మీదే పడబోయాను. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించింది. "ప్రొటీన్ బాగా తక్కువుందమ్మా, ఏం తింటున్నావసలు?" అంది. మేనేజరు అంత మెత్తగా అడగలేదు. "ఇంకోసారి పడితే ఇంట్లోనే కూర్చో," అన్నాడు.

మా ఆయనకు చెబితే నవ్వాడు.

"ఆవు ఏం తింటుంది? గడ్డి. దానికి బలం లేదూ?"

ఆవు రోజంతా నములుతూ కూర్చుంటుంది. దాని చేత ఎవరూ చొక్కాలు ఇస్త్రీ చేయించరు. ఈ మాట పైకి అనలేదు.

"గుప్పెడు మొలకలు, నాలుగు బాదం గింజలు. లెక్క ప్రకారం సరిపోతుంది. నీరసం నీ ఒంట్లో లేదు, మనసులో ఉంది," అన్నాడు.

ఆయనకు పెట్టగా గిన్నెలో మిగిలిందే నా గుప్పెడు. అదీ అనలేదు.

మొదట నా మీద నాకే అనుమానం. ఇద్దరిదీ ఒకటే తిండి. ఆయన బుగ్గలు నున్నగా ఉన్నాయి, నా జాకెట్లు వదులయ్యాయి. నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను. తర్వాత ఆయన్ను చూడడం మొదలుపెట్టాను. సాయంత్రం రాగానే నాతో మాట్లాడకుండా నేరుగా వెళ్లి నోరు పుక్కిలిస్తాడు. "దుమ్ము," అంటాడు. పళ్లెం ముందు కూర్చుంటే ఆకలిగా ఉన్న మనిషిలా తినడు. మొలకలు ఒక్కొక్కటే ఏరుకుని, నా వంక చూసి నవ్వుతాడు.

శనివారం ఆయన చొక్కా ఉతకబోతే చేతి అంచు మీద పసుపుపచ్చ మరక కనిపించింది. నేనింకా నోరు తెరవలేదు.

"మామిడిపండు రసం కారిందే," అన్నాడు.

అడగకముందే చెప్పడం నాకు నచ్చలేదు.

లాండ్రీలో చేరిన రోజే మాకు ఇది నేర్పుతారు. పండు మరక మీద మరిగే నీళ్లు పోస్తే వదులుతుంది. గుడ్డు మరకకు చన్నీళ్లే వాడాలి. వేడి తగిలిందా, గుడ్డలోనే ఉడికి గట్టిపడుతుంది. ఇక ఎవరి తరమూ కాదు. స్నానాల గదిలో హీటరు పెట్టి నీళ్లు మరగబెట్టాను. పాడైతే పాడైందని పోశాను. మరక వదల్లేదు. తెల్లబడి, బిరుసెక్కి, నూలుకు కరుచుకుంది.

చొక్కా తెచ్చి ఆయన ముందు పరిచాను. "ఇది గుడ్డు," అన్నాను.

అత్తయ్య అందుకుంది.

"అయితే ఏమయిందిప్పుడు? ఎండలో తిరిగే మగాడు ఆకులు నమిలి ఎలా నిలబడతాడే? మొదటి వారంలోనే వాడికి కాళ్లు వణికాయి. రోజుకు రెండు హాఫ్‌బాయిల్ గుడ్లు తినమని నేనే చెప్పాను."

"మరి నేను, అత్తయ్యా?"

"నీకేం, నీడపట్టున చెయ్యి ఆడించడమేగా!"

ఆయన గొంతు తగ్గించాడు. "ఇది ఇంట్లోనే ఉండనీ. రేపు హాల్లో నువ్వే మాట్లాడాలి. ఎంత ఓపిక వచ్చిందో రెండు ముక్కలు చెబితే చాలు. ఆడవాళ్లు ఆడదాని మాటే నమ్ముతారు."

తిన్నందుకు నాకు కోపం రాలేదు. ఆకలేస్తే ఎవరైనా తింటారు. ఈ తిండి చాలదని ఆయనకు మొదటి వారంలోనే తెలుసు. తెలిసి, మూడు నెలలు నా పళ్లెం వంక చూసి నవ్వాడు.

"సరేనండీ, మాట్లాడతాను," అన్నాను.

ఆదివారం హాలు నిండింది. ముందు వరసలో ఒక చిన్నది, కడుపుతో ఉంది. ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్ను. మా ఆయన ఉపన్యాసం ముగించి నన్ను పక్కకు పిలవగానే ఆ పిల్ల లేచి నిలబడింది.

"అక్కా, నాకు ఐదో నెల. మా అత్తగారు ఇదే తినమంటున్నారు. ప్రొటీన్ సరిపోతుందా? మీరు చెప్పండక్కా, రాసుకుంటాను."

మా ఆయన మైకు నా చేతిలో పెట్టి, చెప్పమన్నట్టు తల ఊపాడు.

"మా ఆయనకు సరిపోలేదమ్మా," అన్నాను.