మెడ మీది సెంటు

"పప్పులో మళ్ళీ ఈ మల్లెపూల వాసనేంటి ముబీనా?" అంటాడు నాసిర్, మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే. వారంలో నాలుగు రోజులు ఇదే మాట. శనగపిండితో చేతులు రుద్దుకుంటాను, నిమ్మతొక్కతో తోముకుంటాను, ఆఖరికి అంట్ల సబ్బు కూడా పెట్టి చూశాను. పోదు. పిల్లలకి క్యారేజీలు కట్టి పంపించాక వంటింటి గట్టు మీద పెద్ద సీసాలు దించి, సిరంజితో అత్తరు లాగి చిన్న సీసాల్లోకి నింపేది నేను. మూతలు బిగించేది, చీటీలు అంటించేది నేను. మధ్యలో కుక్కరు కూతేస్తే లేచి తాలింపు పెట్టేదీ నేనే. ఆ చేతులతో పెట్టిన తాలింపు ఇంకే వాసనొస్తుంది? ఈ మాట పైకి అనను. "సరిగా కడుక్కోలేదేమోనండీ" అంటాను, తప్పంతా నాదే అయినట్టు.

తెనాలిలో మసీదు సందు మొదట్లో మా షాపు. టోపీలు, కళ్ళకి పెట్టుకునే సుర్మా, అత్తర్లు. మామగారు పెట్టింది, ఇప్పుడు నాసిర్ చూసుకుంటున్నాడు. శుక్రవారం నమాజుకి వెళ్ళే మగవాళ్ళు ఆగి, ముంజేతి మీద ఒక చుక్క పూయించుకుని, కళ్ళు మూసుకుని వాసన చూసి కొనుక్కెళతారు. సరుకెక్కడిదని ఎవరన్నా అడిగితే "హైదరాబాద్ నుంచి సీలేసి వస్తుంది సార్" అంటాడు. ఆ సీలు వేసే చెయ్యి ఇంట్లో అంట్లు తోముతూ ఉంటుంది.

మా ఇళ్ళల్లో అత్తరు మగవాళ్ళది. ఆడది పూసుకుంటే ఇంట్లో, మొగుడి ముందర పూసుకోవాలి. గడప దాటితే ఆమె దగ్గర వాసన రాకూడదు. చిన్నప్పటి నుంచి విన్నదే, నేను నమ్మినదే. అందుకే ఏ ఫంక్షనుకి వెళ్ళినా ముందు చేతులు కడుక్కోవడంతోనే నాకు సగం పూట గడిచిపోతుంది. మా అత్తగారు ఇమాం బీ ఒక్కరే నన్ను ఈ విషయంలో ఏమీ అనేవారు కాదు. నేను కాపురానికి వచ్చేదాకా సీసాలు నింపింది ఆవిడే మరి. నా చేతులు పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, "చేతులకైతే ఫర్వాలేదులే, పని వాసన" అనేవారు. ఆ ఒక్క మాటకే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఆ ఏడు షాపులోకి కొత్తగా లేడీస్ సెంటు వచ్చింది. గులాబీరంగు మూత, మూత కింద చిన్న గోళీ. చర్మం మీద రుద్దితే గోళీ తిరిగి తడి అంటుతుంది. ఒక సీసాకి మూత పగిలి ఉంటే అమ్ముడుపోదని నాసిర్ పక్కన పడేశాడు. నేను తీసి కందిపప్పు డబ్బాలో దాచాను. ఎందుకు దాచానంటే చెప్పలేను. ఇన్నేళ్ళలో నా ఒంటికి అంటిన వాసనల్లో నేను కావాలని పూసుకున్నది ఒక్కటీ లేదు. అన్నీ వేరే వాళ్ళకోసం నింపుతుంటే ఒలికినవే.

బాపట్లలో నాసిర్ చిన్నాన్న కూతురి షాదీ. బుర్ఖా వేసుకునే ముందు, తలుపు గడియ పెట్టి, ఆ గోళీని మెడకి ఇటో సారి అటో సారి రుద్దుకున్నాను. ఎలాగూ నా దగ్గర ఎప్పుడూ ఏదో వాసన వస్తూనే ఉంటుంది, ఎవరు కనిపెడతారులే అనుకున్నాను. రైల్లో పక్కన కూర్చున్న పెద్దావిడ నావైపు వంగి, "ఏం సెంటమ్మా పూసుకున్నావు? హాయిగా ఉంది" అంది. సిగ్గేసింది. అయితే ఆ సిగ్గు బాగుంది. బాపట్ల వచ్చేదాకా కిటికీ గాలికి మెడ పెట్టి కూర్చున్నాను.

షాదీ ఇంట్లో బుర్ఖా తీసేసి ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళాను. ఇప్పుడు రేపల్లెలో మా ఆడపడుచు ఆయేషా దగ్గర ఉంటున్న అత్తగారు, ఆమెతో ముందే వచ్చి కూర్చున్నారు. సలాం చెప్పి వంగగానే నా భుజాలు పట్టుకుని దగ్గరికి లాక్కున్నారు. వదల్లేదు.

"చేతులకైతే పని వాసన అనుకుందును. మెడకి అంటిందేంటే? సీసాలు మెడతో నింపుతున్నావా?"

గదంతా ఘొల్లున నవ్వింది. ఎవరో "మొగుడు మగవాళ్ళ పందిట్లో ఉంటే ఈ సోకు ఎవరికోసమో" అన్నారు. ఇంకెవరో "అయితే హైదరాబాద్ సరుకంతా ఇంటి సరుకేనా?" అన్నారు. నా చెవులు కాలిపోయాయి. పెరట్లో పంపు దగ్గరికి పోయి మెడ కడుక్కున్నాను. నీళ్ళు తగిలేసరికి వాసన ఇంకా లేచింది. చెమటకి మరింత లేచింది. బిర్యానీ పళ్ళెం ముందు పెట్టారు. నేను కదిలితే వాసన కదులుతోంది, అందుకని కదలకుండా కూర్చున్నాను. ఛీ, ఏం ముంచుకొచ్చిందని పూసుకున్నాను అనుకున్నాను. రైల్లో నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇంకా సిగ్గేసింది.

మాట మగవాళ్ళ దాకా పాకినట్టుంది, తిరుగు రైల్లో నాసిర్ వేరే సీట్లో కూర్చున్నాడు. ఇంటికొచ్చాక మొదలుపెట్టాడు.

"నా పరువు తీశావు. అందరూ నవ్వుకుంటున్నారు."

"రోజూ నింపుతుంది కదా, ఏదో అంటింది అని మీరొక్క మాట అంటే సరిపోయేదండీ."

"మా ఇంట్లో ఆడది సీసాలు నింపుతుందని నేనే చాటింపు వెయ్యాలా? అయినా అమ్మీ ముక్కు అబద్ధం చెప్పదు."

నిజమే, చెప్పదు. అదే నన్ను తినేసింది. బుర్ఖా ఉతికాను, డాబా మీద ఆరేశాను, మళ్ళీ ఉతికాను. మెడ దగ్గర గుడ్డలో ఆ వాసన అలాగే ఉండిపోయింది. పిల్లల బడికి వెళ్ళినా, కూరగాయలకి వెళ్ళినా, బుర్ఖా తలమీంచి వేసుకునేటప్పుడు ఆ గదిలో నవ్వులు వినిపించేవి. తర్వాత వచ్చిన రెండు షాదీలకి ఒంట్లో బాగాలేదని మానేశాను.

వానాకాలంలో ఆయేషాకి కాన్పు దగ్గరపడి ఆస్పత్రిలో చేర్చారు. రేపల్లెలో అత్తగారి దగ్గర ఉండడానికి నన్ను పంపించాడు నాసిర్. సెంటు సీసా బట్టల మధ్య పెట్టుకుని వెళ్ళాను. ఇంట్లో ఉంచితే పారేస్తాడని. పూసుకునే ధైర్యం లేదు, పారేసే మనసూ లేదు.

వెళ్ళిన మర్నాడు పొద్దున బట్టలు ఆరేసి వస్తుంటే వీధిలోకి మాడు వాసన కొట్టింది. పరుగెత్తాను. పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది. దానికి వీపు పెట్టి, రెండడుగుల దూరంలో, అత్తగారు చిక్కుళ్ళు ఒలుచుకుంటున్నారు.

"అత్తమ్మా! ఇంత పొగొస్తుంటే తెలీలేదా?"

ఆవిడ వెనక్కి తిరిగి చూసి కంగారుపడ్డారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"వాసన తెలీదే నాకు. నీ రెండోవాడు పుట్టకముందే పోయింది. అన్నేళ్ళు సీసాల ముందు కూర్చున్న ముక్కు, ఇంకేం మిగులుతుంది? ఎవరికీ చెప్పమాక. షాపాయన పెళ్ళానికి ముక్కు లేదంటే నవ్వుతారు."

నేను పొయ్యి ఆర్పి, మాడిన గిన్నెని గుడ్డతో పట్టి దించాను.

"మరి బాపట్లలో?"

"ఎవరు వాసన చూశారే? నీ మొహం చూశా. బుర్ఖా తీసేసి వచ్చావు చూడు, మెడ నిటారుగా పెట్టి, పెళ్ళికూతురు నువ్వే అన్నట్టు. నన్ను చూడగానే దుపట్టా మెడకి చుట్టుకున్నావు. ఇంక ముక్కెందుకు?"

"మీకెలా తెలుసు అలా ఉంటుందని?"

చేతిలో చిక్కుడుకాయని పళ్ళెంలో పెట్టేశారు. "ఒకసారి నేనూ అలాగే నడిచా. మా అత్త ఇటుకపొడి పెట్టి నా మెడ తోమింది, తోలు లేచిందాకా."

"అందుకని నన్ను అందరిలో అంత మాటంటారా?"

ఏడుపొచ్చేసింది నాకు. ఆవిడ తల దించుకున్నారు.

"కుళ్ళే. కుళ్ళు పుట్టింది. నువ్వు పూసుకొచ్చావు, నాకు వాసన కూడా తెలీదాయె."

కోపం రావాలి కదా. వచ్చింది కూడా. గిన్నెని ఠపీమని తొట్టిలో పడేశాను. తర్వాత గదిలోకి వెళ్ళి సీసా తెచ్చి, ఆవిడ పక్కన కూలబడి, ముసుగు కాస్త జరిపి ఆ ముడతల మెడకి గోళీ రుద్దాను. ఆవిడ వద్దనలేదు.

"వస్తోందా?" అన్నారు నెమ్మదిగా.

"వస్తోందత్తమ్మా."

"ఎలా ఉంది?"

"తలంటుకుని ఎండలో కూర్చున్నట్టు."

ఆవిడ మెడ మెల్లగా నిటారుగా లేచింది. సీసా నా చేతిలోంచి తీసుకుని, నాకూ రాశారు.

మధ్యాహ్నం నాసిర్ వచ్చాడు, ఆయేషాని చూసి ఇటు వస్తూ బత్తాయిలు పట్టుకుని. గుమ్మంలోనే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఏంటిది? ఎవరు పూసుకుంది? మళ్ళీ మొదలెట్టావా నువ్వు?"

నేను అత్తగారి వైపు చూశాను. మనవలున్న మనిషి, కన్నకొడుకు ముందు, కొంగు గబగబా మెడకి చుట్టుకుంటున్నారు. మొహం ఎర్రబడి, ఇంత చిన్నదైపోయింది. బాపట్లలో నా మొహం బయటివాళ్ళకి ఎలా కనిపించిందో అప్పుడు చూశాను.

నేను లేచి వెళ్ళి ఆ కొంగుని ఆవిడ మెడ మీంచి తీసేశాను.

"ఇద్దరం పూసుకున్నామండీ" అన్నాను. "ఈసారి ఒలికింది కాదు."