పెద్దలకు పంపే పీసు

మా అక్క మొగుడు నీళ్ళు కాచే మనిషి. అంటే, నీళ్ళు కాచే హీటర్లు చేసే మనిషి. ఊళ్ళో అందరూ ఆయన్ని 'కాగులాయన' అంటారు. నాకు బావ గనక నేను బావ అనే అంటాను. ఇట్టే కాగుతాడు, ఎంతసేపటికీ చల్లారడు. ఆయన చేసే హీటర్లకీ అదే గుణం. అందుకే అవి అమ్ముడుపోయేవి, ఈయన్ని మాత్రం మా అక్క ఊరికే భరిస్తోంది.

బజారు వెనక వీధిలో రేకుల షెడ్డు ఆయనది. ఒక మూల రేకు వంచే యంత్రం, ఇంకో మూల వెల్డింగు, మధ్యలో గాజు పీచు మూటలు. ట్యాంకు చుట్టూ ఆ పీచు దట్టంగా కూరి, పైన ఇంకో రేకు చుడితే వేడి బయటికి పోదు. పీచు మాత్రం ఊరుకోదు, చొక్కాలోకి దూరుతుంది. ఆ షెడ్డులో అందరూ ఎప్పుడూ గోక్కుంటూనే కనిపిస్తారు. గోక్కునే తీరిక లేనంత పని ఉంటే బావకి పండగే.

ఆయన చేస్తాడు, మూలమీది కొట్లో నేను అమ్ముతాను. హీటరు పేరు 'వెచ్చన'. మామూలు పీసు మీద ఆ పేరు కాగితం స్టిక్కరుగా ఉంటుంది. కానీ షెడ్డులో ఒక ఆచారముంది. ఎవరైనా గౌరవించాల్సినవాళ్ళకి హీటరు పంపాలంటే, అంటే అక్క కన్ను నిలబెట్టిన డాక్టరుగారు, బావకి చిన్నప్పుడు లెక్కలు చెప్పిన మేష్టారు, కూతురి అత్తవారు, ఇలాంటివాళ్ళకైతే, స్టిక్కరు అంటించడు. అరచేయంత ఇత్తడి పలక కోసి, దాని మీద తన చేత్తో 'వెచ్చన' అని చెక్కి, కింద 'శ్రద్ధగా చేసినది' అని చెక్కి, అద్దంలా మెరిసేదాకా రుద్ది బిగిస్తాడు. షెడ్డులో దాన్ని 'పెద్దలకు పంపే పీసు' అంటారు.

ఆ పలకని పైరేకుకి బిగించడు. "పైరేకు పలచన. నాలుగేళ్ళు పోతే పలక గలగలమంటుంది. పెద్దవాళ్ళ ఇంట్లో నా పేరు గలగలమంటే నాకు మర్యాదేనా?" అంటాడు. అందుకని లోపలి ట్యాంకుకే బొటనవేలంత లావు బోల్టులు నాలుగు అతికి, వాటిని పీచులోంచి పైకి తెచ్చి, పలక నాలుగు మూలలా నట్లు వేస్తాడు. ఇల్లు కూలినా పలక ఊడదు.

అలాంటి బావకి విద్యుత్తు పొదుపు శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. వచ్చే చలికాలం నుంచి నక్షత్రం గుర్తు లేని హీటరు ఎవరూ చెయ్యకూడదు, ఎవరూ అమ్మకూడదు. గుర్తు కావాలంటే ఒక పీసు సర్కారు పరీక్షశాలకి పంపాలి. ఇంతకాలం బావ ప్రతి హీటరుకీ తనే ప్రమాణం చేసి చెప్పేవాడు. ఇప్పుడు ప్రభుత్వమే ప్రమాణాలు చేసి పంపింది.

"నక్షత్రం దాకా ఎందుకురా, మన హీటరు చంద్రుణ్ణి కూడా కాచేస్తుంది" అన్నాడు బావ, ఛాతీ మీద గోక్కుంటూ.

"తారాబలం బావుంటే చాలు బావా, తారుమారు కాకుండా ఉంటే" అన్నాను.

ఇలాంటివి నేను అంటూనే ఉంటాను. ఎవరూ ఆపలేరు, నాతో సహా.

ఆ సాయంత్రం ఏ పీసు పంపాలన్న మాట వచ్చింది. షెడ్డులో గోడవారన వరసగా తయారైన హీటర్లు నిలబడి ఉన్నాయి. అక్క బావకి టీ గ్లాసు అందిస్తూ, "ఆ వరసలోది ఒకటి పంపండి, పోతుంది" అంది.

"వరసలోదా?" బావ గ్లాసు కింద పెట్టేశాడు. "డాక్టరుగారికే పలక వేసి పంపినవాణ్ణి. సర్కారువారికి కాగితం అంటించి పంపమంటావా? ఏమనుకుంటారు మనల్ని?"

"వాళ్ళేమన్నా స్నానం చేస్తారా దాంతో? మీటరు పెట్టి చూస్తారంతేగా."

"చూస్తారుగా! చూసేదానికే కదా పలక!"

"అక్కా, వరసలోది పంపమంటే బావకి నేను కనిపిస్తున్నానేమో. వరసకి బామ్మర్దిని కదా" అన్నాను.

"నిన్ను పంపితే పొద్దున్నే తిప్పి పంపుతారు. నువ్వు నోరు మూస్తే కదా వేడి నిలిచేది" అన్నాడు బావ. వెల్డరు ముసుగులోంచే నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. "మీ ఇష్టం" అని ఖాళీ గ్లాసులు తీసుకుని పోయింది. అక్క 'మీ ఇష్టం' అన్నదంటే అది తన ఇష్టం కాదని అర్థం. ఇన్నేళ్ళ కాపురంలో బావకి తెలియకుండా పోయిన ఒకే ఒక్క భాష అది.

బావ ఆ పలక మీద కూచున్నన్ని రోజులు ఇంకే పలక మీదా కూచోలేదు. పీసుతోపాటు దాని బొమ్మ గీసి పంపాలన్నారు. స్కేలూ పెన్సిలూ పెట్టి గీశాడు. ట్యాంకు, పీచు, పైరేకు, మధ్యలో పలక, నాలుగు బోల్టులు. బోల్టులు మరీ ఒత్తి గీశాడు, అధికారి కంటపడాలని.

కొన్ని వారాలకి ఫలితం వచ్చింది, రమ్మని ఫోను చేశారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పీచు లేని చొక్కా మూలాన దారంతా ఆయనకేదో వెలితిగా ఉండి, అలవాటు కొద్దీ ఊరికే గోక్కున్నాడు.

పరీక్షశాల నాకు కాస్త భయం వేసే చోటు. పొడుగాటి వసారా, రెండువైపులా అద్దాల గదులు. ఒక గదిలో ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరూ లేరు. ఒక గదిలో మిషను గుడ్డలు ఉతుకుతోంది, ఆ గుడ్డలు ఎవరూ కట్టుకున్నవి కావు. ఒక గదిలో ఫ్రిజ్జు తలుపు దానంతటదే తెరుచుకుని, దానంతటదే మూసుకుంటోంది. చివరి గది గోడకి మా వెచ్చన వేలాడుతోంది. ఒంటినిండా సర్కారు సీళ్ళు, మధ్యలో పలక ధగధగలాడుతూ.

పరీక్ష చేసే మేడం మా మేనకోడలి ఈడు పిల్ల. మమ్మల్ని కూచోబెట్టింది, మంచినీళ్ళు ఇచ్చింది. ఆ తర్వాత తనే నీళ్ళు నమిలింది.

"సార్, ఈ పరీక్ష ఎలా ఉంటుందంటే... ట్యాంకు నింపి, నీళ్ళు కాచి, అలా వదిలేస్తాం. ఒక పగలూ రాత్రీ ఎవరూ వాడరు. వేడి తగ్గినప్పుడల్లా హీటరు మళ్ళీ వెలుగుతుంది కదా, ఆ ఊరికే పోయిన కరెంటు ఎంతో లెక్క చూస్తాం. నిలవ నష్టం అంటారు."

"ఎవరూ నీళ్ళు పోసుకోకుండా హీటరెందుకమ్మా?" అన్నాడు బావ.

"ఇళ్ళల్లో జరిగేది అదే సార్. స్విచ్చి వేసి ఉద్యోగాలకి పోతారు. ఒక్కో ఇంట్లో కాస్త కాస్త పోయేదంతా కలిపితే, ఒక పవర్ స్టేషన్ నడిచేంత అవుతుంది."

బావ తలూపాడు. అదే వచ్చిన చిక్కు. రూలు తప్పైతే నాలుగు తిట్లు తిట్టుకుని బయటపడేవాళ్ళం. రూలు సరైనదే.

"మా దాంట్లో వేడి పోదమ్మా. పీచు నేను నా చేత్తో కూర్చాను."

మేడం లేచింది. "ఇటు రండి సార్. ముట్టుకుని చూడండి."

బావ హీటరు పక్కన చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. పైన వేశాడు, కింద వేశాడు. ఎక్కడ చూసినా గోడంత చల్లన. నా వైపు తిరిగి 'చూశావా' అన్నట్టు కనుబొమలెగరేశాడు. అప్పుడు ఆ పిల్ల నెమ్మదిగా, "ఇక్కడ" అంది.

బావ పలక మీద అరచెయ్యి ఆనించాడు.

కాలేంత వేడి కాదు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురు ఎలా ఉంటుందో అలా ఉంది. నేనూ ముట్టుకున్నాను. లోపలి వేడంతా ఆ నాలుగు బోల్టులు పట్టుకుని పైకొచ్చి, 'శ్రద్ధగా చేసినది' అన్న అక్షరాల మీంచి తీరిగ్గా గదిలోకి పోతోంది.

బావ చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తర్వాత రెండో చెయ్యి జేబులో పెట్టి స్పానరు బయటికి తీశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నా స్పానరు మర్చిపోయే మనిషి కాదు.

"నాలుగు నట్లు తల్లీ. పలక తీసి, బోల్టులు పీచు లోపలికి కోసేస్తాను. మళ్ళీ పెట్టి చూడు."

మేడం చేతులు వెనక్కి కట్టుకుంది. తను ఎక్కడ ఆ స్పానరు అందుకుంటుందోనని తనకే భయమైనట్టు. "సీలు వేసిన పీసు సార్. ముట్టుకోకూడదు. మీరూ, నేనూ, మా పై సారూ కూడా."

"పోనీ ఇంకోటి తెస్తాను. పలక లేనిది. ఈ సాయంత్రానికే."

"మీరు పంపిన బొమ్మలో పలక ఉంది సార్, బోల్టులతో సహా. అది లేకపోతే వేరే మోడలు కింద లెక్క. కొత్తగా వరసలో నిలబడాలి." ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూపించింది. ఆవరణలో డబ్బాల మీద డబ్బాలు, హీటర్లు, గుడ్డల మిషన్లు, గ్రైండర్లు, టార్పాలిన్ల కింద వంతు కోసం కాచుకుని ఉన్నాయి. "ఇక్కడున్నది ఈ ఒక్క పరీక్షశాలే. మీ వంతు వచ్చేసరికి ఎండలు ముదురుతాయి."

"చలికాలం పోయాక హీటరెవడు కొంటాడమ్మా?"

ఆమె కిటికీ మూసేసింది.

ఇక నా వంతు అనుకున్నాను. వాతావరణం తేలిక చేద్దామని, "మేడం, ఇన్నాళ్ళూ వేడి నీళ్ళు ఇచ్చినవాళ్ళం, ఇవాళ వేడుకుంటున్నాం" అన్నాను. ఆ పిల్ల నిజంగానే నవ్వింది. నవ్వి, "సారీ అండీ" అంది. నా జన్మలో నవ్వించి కూడా ఏమీ సాధించలేకపోయింది అప్పుడే.

బావ చివరగా అడిగాడు. "పలక లేకపోతే పాసయ్యేదా?"

"అలా చెప్పకూడదు సార్ నేను." హీటరు వైపు చూస్తూ, "పీచు మాత్రం ఇంత ఒత్తుగా, ఎక్కడా సందు లేకుండా కూర్చినవాళ్ళని ఈ ఏడాది చూడలేదు" అంది.

తర్వాత కత్తెర తెచ్చి సీళ్ళన్నీ కత్తిరించింది. "ఇప్పుడు తీసుకెళ్ళొచ్చు సార్. ఇక మీ ఇష్టం, ఏమైనా చేసుకోవచ్చు."

మీ ఇష్టం. ఈసారి బావకి అర్థమైంది. స్పానరు జేబులో పెట్టేసుకున్నాడు.

పలక లేని మోడలుకి మళ్ళీ బొమ్మ గీసి పంపాం. అది టార్పాలిన్ కింద నిలబడింది. చలి మాత్రం ఎవరి వరసా చూడకుండా వచ్చేసింది. ఉత్తర్వు అమలయ్యే ముందు రోజు నేనే స్టూలెక్కి, నా కొట్లో వెచ్చనలన్నీ దింపాను. వాటి మేకులకే పెద్ద కంపెనీ హీటర్లు తగిలించాను, నుదుటిన నక్షత్రాలతో. వేరే దారి లేదు. కొట్టు ఖాళీ మేకులతో నడవదు కదా. వెల్డరు ఆ కంపెనీలోనే చేరాడు. వెళ్ళేరోజు బావ ముందు నిలబడి మెడ గోక్కుని వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే బావ కొట్టుకి వచ్చాడు. నేను కంపెనీ హీటర్లకి అడ్డంగా నిలబడబోయాను. నా ఒళ్ళు అడ్డం పెట్టడానికి సరిపోయేదే, కానీ బావ పక్కనుంచి దూరాడు. ఒక హీటరు దగ్గర ఆగి, స్విచ్చి వేయించి, కాగేదాకా స్టూలు మీద కూచున్నాడు. కాగాక లేచి చేత్తో తడమడం మొదలుపెట్టాడు. పక్కలు, పైన, కింద, పైపు చేరే చోటు, పేరు అతికించిన చోటు. పశువుల డాక్టరు ఆవుని తడిమినట్టు, ఎక్కడో ఒకచోట జ్వరం దొరుకుతుందని.

"ఎక్కడా లేదురా" అన్నాడు చివరికి.

"బావా..."

"బాగా చేశారు. దొంగ మాట ఎందుకు, బాగా చేశారు." చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "వీటిని ఇళ్ళల్లో బిగించడానికి మనిషి కావాలని మొన్న ఎవరితోనో అంటున్నావు?"

బిగింపు, తెగింపు, ముగింపు, అన్నీ నాలిక దాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయాయి. "నువ్వా బావా?" అన్నాను.

"నేను కాకపోతే నీ నోరు బిగిస్తుందా? స్పానరు నా దగ్గరుంది."

ఇప్పుడాయన రోజూ ఇస్త్రీ చొక్కాలోనే తిరుగుతున్నాడు. దురద లేదు. షెడ్డు తలుపు మూసే ఉంటుంది. కొత్త మోడలు సంగతి కనుక్కుందామని ఫోను చేస్తే ఆ మేడమే ఎత్తుతుంది, గొంతు గుర్తుపట్టి నాకంటే ముందే "ఇంకా లేదండీ" అంటుంది.

మొన్న అక్కావాళ్ళింటికి వెళ్ళాను. పరీక్ష తప్పిన పీసు వాళ్ళ స్నానాల గది గోడకే ఉంది. పలక అలాగే ఉంది. దాని మీద అక్క తడి రుమాలు నాలుగు మడతలు వేసి ఆరేసింది. ముట్టుకుంటే వెచ్చగా, దాదాపు ఆరిపోయి ఉంది.

"బావా, ఇప్పుడు సీలు లేదుగా. నాలుగు నట్లేగా. తీసెయ్యకూడదూ, మీ కరెంటైనా మిగులుతుంది" అన్నాను.

బావ కంపెనీ హీటర్ల పైపులు సంచీలో సర్దుకుంటున్నాడు. తలెత్తలేదు.

"తీసేస్తే మీ అక్క రుమాళ్ళెక్కడ ఆరేసుకుంటుందిరా?" అన్నాడు.