బావగారి ఎడమ కాలు

పాత బ్యాండు వాళ్ళతో పోట్లాడి బయటికొచ్చిన గిటారు బావ, ఆర్నెల్లు తిరక్కుండానే సొంత బ్యాండు పెట్టాడు. పెద్ద బ్యాండేం కాదండోయ్. తను, బేస్ గిటారుకి పెళ్ళాం, డ్రమ్ములకి ఆవిడ తమ్ముడు. ఇంటిగుట్టు ఇంట్లోనే ఉంటుందని కాబోలు.

తమ్ముడు పగలు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మనిషి బంగారం. కానీ ఒక రహస్యముంది. పాట మొదలెట్టడం బాగానే మొదలెడతాడు, మధ్యలోకొచ్చేసరికి లెక్క తప్పుతుంది. ఇన్నాళ్ళూ ఎవరికీ దొరకలేదు. ఎందుకంటే బావ వాయిస్తూ ఎడమ కాలితో నేలమీద దబదబా కొడతాడు. ఆ చప్పుడు పట్టుకుని వీడు నెట్టుకొచ్చేస్తాడు, గుడ్డోడికి కర్ర దొరికినట్టు.

చేసేది బ్లూస్ రాక్ ఆల్బమ్, తొమ్మిది పాటలు. ముగ్గురూ ఒకే గదిలో ఒకేసారి వాయించాలి, తర్వాత అతుకులెయ్యకూడదని బావ పట్టు. ఎనిమిది జోరు పాటలు అయిపోయాయి. తొమ్మిదోది నెమ్మది పాట. అక్కడ బయటపడింది కాలు.

"అన్నా, పక్కింట్లో ఎవరో మేకులు కొడుతున్నట్టుంది" అన్నాడు రికార్డింగాయన. సోఫామీద దిండు తెచ్చి బావ కాలికింద పెట్టాడు.

దాంతో తమ్ముడికి ఆ చప్పుడు వినబడటం మానేసింది.

రెండుసార్లు వాయించారు. రెండుసార్లూ పాట సగంలో చతికిలబడింది.

"ఏరా, నిద్రపోతున్నావా?" అన్నాడు బావ. "ఇంకోసారి తప్పితే వేరే డ్రమ్మర్ని పిలుస్తా. బావమరిదివని ఆల్బమ్ పాడుచేసుకోలేను."

"ఒక్క ఫోను కొడితే అరగంటలో వస్తాడన్నా" అన్నాడు రికార్డింగాయన, అడక్కపోయినా.

అందరూ టీకి లేచారు. తిరిగొచ్చేసరికి దిండు లేదు. తమ్ముడు మాత్రం స్టూలుమీద ఇంతెత్తున కూర్చున్నాడు.

రికార్డింగాయన ఇంకో దిండు తెచ్చాడు. బావ గిటారు సరిచేసుకునేలోగా అదెళ్ళి అక్క వీపు వెనక చేరింది.

"అక్కకి నడుం నొప్పి బావా, పాపం."

"నాకెప్పుడురా..." అని అక్క తమ్ముడి మొహం చూసి ఆగింది. చిన్నప్పుడు ఎక్కాలు కూడా తన పెదాలు చూసే అప్పజెప్పిన ఘనుడు వాడు. "అబ్బో, నడుం విరిగిపోతోందండీ" అంది.

రికార్డింగాయన ఈసారి తన కోటు విప్పి, నాలుగు మడతలేసి బావ కాలికింద పెట్టాడు. తమ్ముడికింక దారిలేదు.

"బావా, ఆ కాలు చప్పుడు లేకపోతే నేను కొట్టలేను. ఇన్నాళ్ళూ దాని వెనకే వచ్చా. పిలుచుకో ఎవర్నైనా" అని కర్రలు కింద పెట్టేశాడు.

బావ నోరు తెరిచాడు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నా కాలు ఆడేదే నీ డ్రమ్ము విని కదరా!"

"బాగుంది" అంది అక్క. "ఎనిమిది పాటలు ఒకళ్ళ తోక ఒకళ్ళు పట్టుకుని తిరిగారా?"

బావ కాసేపు బుర్ర గోక్కున్నాడు. కొత్తవాడొస్తే తన కాలు ఎవరి మాట వింటుంది? కాలు కుదరకపోతే చెయ్యీ కుదరదు. "ఫోను లోపల పెట్టవయ్యా" అన్నాడు రికార్డింగాయనతో. "ఈ కాలికో మైకు పెట్టు."

ఆ పాట ఒక్క దెబ్బకే ఓకే అయింది. ఆల్బమ్ అట్టమీద ఇప్పుడు గిటారు, బేసు, డ్రమ్ములు, ఎడమ కాలు అని నాలుగు వరసలుంటాయి.

దిండు మాత్రం తమ్ముడు తిరిగివ్వలేదు. మెత్తగా ఉందట.