గోడెక్కిన అగ్గిపుల్ల

పిండిమర నడిపేవాడికి ఏ మాటైనా పిండి పిండిగానే చెవిలో పడుతుంది. ఆ రోజు ఫోన్లో ఎవరో అమ్మాయి, "సార్, అక్కగారు పోతే పంపించండి, అర్జెంటు" అంది.

"మరలో ఉన్నాను, మరలా చెప్పమ్మా!" అని అరిచాను. మళ్ళీ అదే మాట.

"మా ఆవిడ పోతే మీకు పంపడమేంటి?" అన్న నా కేక మరను మించిపోయింది. గోధుమలు పట్టిస్తున్న ఎదురింటి పిన్ని డబ్బా వదిలేసి మా ఇంటికి పరిగెత్తింది, వీధంతా ఆవిడ వెనకే. పెరట్లో బట్టలారేస్తున్న మా ఆవిడ, ఇంతమంది ఎవరి కోసం ఏడుస్తున్నారో తెలియక తనూ కళ్ళు తుడుచుకుంది.

మర ఆపాక తేలింది. ఆ పిల్ల అడిగింది ఫోటో. నాకు వినపడింది పోతే. అడిగింది మా బావమరిది టీవీ సీరియల్ ఆఫీసు వాళ్ళు. మా ఆవిడది, పెళ్ళికి ముందుది కావాలట.

మావాడు తన పల్లెటూరి చిన్నతనాన్నే సీరియల్‌గా తీస్తున్నాడు. గేదె, బురద, పాక అన్నీ చూపించాడు. మా ఆవిడ ఎదురుచూపంతా గడ్డివాము తగలబడే ఎపిసోడ్ కోసం.

చిన్నప్పుడు గడ్డివాము అంటించింది వాడు. నాన్న చావగొడతాడని "నేనే" అంది అక్క. వాణ్ణి మంటల్లోంచి లాగినప్పుడు కాలిన చెయ్యి మానింది గానీ, ఊరు తగిలించిన "అగ్గిపుల్ల" అనే పేరు మానలేదు. ఆవిడ కాపురానికి రాకముందే ఆ పేరు మా వీధిలో కాపురం పెట్టింది. సీరియల్ మొదలెట్టేటప్పుడు వాడు మాటిచ్చాడు: "అక్కా, నిజం అందరికీ చెప్పేస్తా, చూస్తుండు."

"ఫోటో ఎందుకో?" అన్నాను.

"మా అసలు అక్క ఈవిడే అని చూపిస్తాడేమో!" అంటూ ఉన్న ఒక్క పాత ఫోటో తీసింది. చెయ్యి దాచుకోమని స్టూడియో అతను బతిమాలినా అప్పట్లో వినలేదట. కాలిన చెయ్యి ముందుకే ఉంది.

ఆ ఎపిసోడ్ రోజు సాయంత్రం వీధి మొత్తాన్నీ పిలిచి మా హాల్లో కూర్చోబెట్టింది.

తెర మీద అక్క వేషం కట్టిన పిల్ల అగ్గిపుల్ల గీసింది, తనే అంటించింది. తమ్ముడు మంటల్లో దూకి ఆమెను మోసుకొచ్చాడు. ఆమె బతకలేదు. తర్వాతి సీనులో గోడ మీద నల్ల రిబ్బను చుట్టిన ఫోటో. మా ఆవిడది. చెయ్యి కనపడకుండా మెడ కిందే కోసేశారు. తమ్ముడు దాని ముందు నిలబడి, "అక్కా, నీ తప్పు నేను క్షమించాను" అని ఏడ్చాడు. హాల్లో ముక్కులు ఎగబీల్చారు.

నేను పెరట్లోకెళ్ళి వాడికి ఫోన్ చేశాను. మా ఆవిడ వెనకే వచ్చింది. నా చెవులు మర మింగేసింది కదా, స్పీకర్ పెట్టక తప్పదు.

"ఏం చెయ్యను బావా, అక్క వేషం వేసిన నటి వేరే ఛానల్‌కి వెళ్ళిపోయింది. మానేసినవాళ్ళ పాత్రని చంపెయ్యడం మా పద్ధతి. చంపాక ఆవిడ ఫోటో వాడితే కోర్టుకెక్కుతుంది. అక్కయితే ఏమీ అనదుగా!"

"మరి నిప్పు?"

"హీరో నిప్పు పెడితే రేటింగ్ ఆరిపోతుంది బావా. అక్క పక్కనుందా? ఒకసారివ్వు."

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "అక్క పోయింది నాయనా. ఫోటో నీ దగ్గరే ఉందిగా, దాంతో మాట్లాడుకో."

తర్వాత తిన్నగా హాల్లోకి వెళ్ళి టీవీకి అడ్డంగా నిలబడింది. మొదటిసారి అందరి ముందూ చెప్పింది: నిప్పు పెట్టింది వాడు, మీద వేసుకుంది తను, కాలింది వాణ్ణి లాగబోయి. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది. చెయ్యి చాపి చూపించింది.

పిన్ని లేచొచ్చి, ఆ చేతినే నిమిరింది.

"ఎప్పటి మాటలే అవి, పిచ్చిదానా! వాడు క్షమించానన్నాడుగా, ఇంక ఏడవకు."