మెట్ల పక్కన దాచిన సంచి

రెండు వేల ఏళ్లనాటి గుడి అని గైడు చెప్పిన మాట చెవిన పడిందో లేదో, ఆమె మెట్ల దగ్గరే ఆగిపోయి చెప్పులు విప్పేసింది.

"ఇదేంటే? పైకప్పే లేని గుడి. దేవుడు వెళ్లిపోయి వెయ్యేళ్లయింది. అందరూ బూట్లతోనే పోతున్నారు చూడు," అన్నాడు భర్త.

"వెళ్తూ వెళ్తూ మీతో చెప్పి వెళ్లాడా?" అంది.

ముప్పై రెండేళ్లు కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. గాలివానలో స్తంభం మీద నెగ్గుకొచ్చాడు గాని, ఇంట్లో ఒక్క వాదనా నెగ్గిన పాపాన పోలేదు. సణుక్కుంటూ తన బూట్లూ విప్పాడు. రెండు జతలూ భుజానున్న నల్ల సంచిలో కుక్కాడు. అందులో అప్పటికే ఆయన సామానుంది. టెస్టరు, కటింగ్ ప్లేయరు, నల్ల టేపు, సొంతంగా చేసుకున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు. దేశం మారినా అవి లేనిదే గడప దాటడు. పొద్దున హోటల్ గదిలో పనిచేయని ప్లగ్గును బాగుచేసి మీసం మెలేసుకున్నాడు కూడా.

"చెప్పులున్న సంచి భుజాన వేసుకుని లోపలికొస్తే, విప్పి ఏం లాభం?" అందామె.

"ఎవడైనా ఎత్తుకుపోతే?" అంటూ ఆయన అటూ ఇటూ చూశాడు. మెట్ల పక్కన విరిగిపడిన రెండు స్తంభాల మధ్య సందులో, ఎవరి కంటా పడకుండా సంచిని దూర్చాడు. జిప్పు పూర్తిగా పడలేదు. వైరు ముక్క బయటికి తొంగిచూస్తూనే ఉంది.

లోపల విగ్రహం లేదు, పీఠం ఒక్కటే ఉంది. ఆమె దాని ముందు కళ్లు మూసుకుంది. 'ఇక్కడ ఉండేదెవరో నాకు తెలీదు స్వామీ. ఎవరైతేనేం, నా దండం నీకే' అనుకుంది. కళ్లు తెరిచేలోపే విజిళ్లు మోగాయి. కాపలావాళ్లు అరుస్తూ జనాన్ని వెనక దారిన బయటికి తోలారు. చుట్టూ తిప్పి తీసుకొచ్చి, మెట్లకు దూరంగా కట్టిన పసుపు రిబ్బను వెనక నిలబెట్టారు. ఎండకు రాళ్లు పెనంలా కాలుతున్నాయి.

గైడు గొడుగెత్తి తలలు లెక్కపెడుతూ వచ్చాడు. "కంగారు పడకండి. మెట్ల పక్కన ఎవడో సంచి దాచిపెట్టి పోయాడట. లోంచి వైర్లు కనబడుతున్నాయట. బాంబేమోనని అనుమానం. మనవాళ్లు ఇంకా ఇద్దరు తక్కువున్నారు, చూసొస్తా," అని జనంలోకి వెళ్లిపోయాడు.

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమండీ, అది మన..."

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నోరెత్తకు. ఇద్దర్నీ లోపలేస్తారు. భాష రాదు, తెలిసిన పురుగు లేదు. పాస్‌పోర్టులు నా జేబులోనే ఉన్నాయి. బూట్లు పోతే పోనీ."

"అబద్ధమాడినట్టు కాదా?"

"ఎక్కడాడాం? మనల్నెవరడిగారు?"

నిజమే, ఎవరూ అడగలేదు. అడిగితే నిజం చెప్పాలని ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. అడక్కపోతే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

బాంబులు తీసేవాళ్ల వ్యాను వచ్చి ఆగింది. దిగినవాడికి మరో ఇద్దరు పరుపులంత మందమున్న దుస్తులు తొడిగారు. చేతులకు మాత్రం ఏమీ లేదు. వేళ్లతో చేసే పని మరి. తలకు హెల్మెట్ బిగించేముందు అతను మెడలోంచి ఏదో బయటికి లాగాడు, పెదాలకు తాకించుకున్నాడు, మళ్లీ లోపలికి తోసేశాడు. తర్వాత ఒక్కడే మెట్ల వైపు నడవడం మొదలుపెట్టాడు.

ఆమె చూస్తూనే ఉంది. ఇందాక తనూ దండం పెట్టింది, ఇప్పుడు ఇతనూ పెట్టాడు. రెండూ ఒకే చోటికి చేరితే ఆ పైవాడు ఎవరి ముఖం చూస్తాడు? అసలు తను చెప్పులు విప్పింది దేవుడి కోసమా, ఎంత భక్తురాలినో అని తన మనసుకు చెప్పుకోవడానికా?

"అందులో ఏముందే, అతనికేం కాదు," గొణిగాడు భర్త.

"లేదని మనకు తెలుసు. అతనికి తెలీదు కదా." ఆమె గొంతు తగ్గించింది. "కరెంటు లైను ఆపామని కిందనుంచి కేకేస్తేగాని మీరు తీగ ముట్టుకునేవారు కాదు. ఆ కేక రావడం ఆలస్యమైన రోజు ఇంటికొచ్చి గ్లాసు పట్టుకోలేకపోయారు. నీళ్లు నేను తాగించాను."

మణికట్టు మీద ఆయన పట్టు సడలింది. ఆమె రిబ్బను కింద దూరి పరుగెత్తింది.

"నాయనా, ఆగు! అది మా సంచే! చెప్పులయ్యా, చెప్పులు!"

అరుపులు. రెండు తుపాకులు ఆమె వైపు తిరిగాయి. ఆమె చేతులెత్తి నిలబడిపోయింది. ఏ మాట చెబితే అర్థమవుతుంది? ఒంటికాలి మీద తూలుతూ రెండో పాదం ఎత్తింది. ఎర్రగా కమిలిన అరికాలు చూపించి, స్తంభాల వైపు చెయ్యి చాచింది.

"కాల్చకండి! సంచి నాది! నాది!"

వెనకనుంచి భర్త. చిల్లుపడ్డ మేజోళ్లతో, రెండు చేతులూ పైకెత్తి వస్తున్నాడు. రొప్పుతూ గైడు కూడా చేరుకున్నాడు. ఆయన ఒక్కో వస్తువూ చెబుతుంటే గైడు వాళ్ల భాషలో అప్పజెప్పాడు. అధికారి పాస్‌పోర్టులు తీసుకుని, వైర్‌లెస్‌లో ఆ మాటే మెట్ల దగ్గరున్నవాడికి చెప్పాడు.

మాట మీద నమ్మకంతో ముగించే పని కాదది. అతను వంగి, సంచికి కొక్కెం తగిలించి, తాడు వదులుతూ దూరంగా వచ్చి లాగాడు. సంచి బోర్లాపడింది. ఒక బూటు, ఒక చెప్పు, ఎక్స్‌టెన్షన్ బాక్సు.

జనం గొల్లున నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

అతను నవ్వలేదు. హెల్మెట్ తీసి, చెమటతో ముద్దయిన తలతో తిన్నగా వీళ్ల దగ్గరికొచ్చాడు. వీళ్ల పెద్దమ్మాయి వయసుంటుంది. వేళ్లింకా వణుకుతున్నాయి. అరవడం మొదలుపెట్టాడు.

"అమ్మా, ఏదో ఆవేశంలో అంటున్నాడు," గైడు మధ్యలోకొచ్చాడు. "అధికారి హెచ్చరించి వదిలేస్తానన్నాడు. పాస్‌పోర్టులిచ్చేశాడు. మీరు బస్సెక్కండి, నేను సర్దిచెబుతా."

"పదవే, గండం గడిచింది," అన్నాడు భర్త.

"ఉండండి. ముందు అతన్ని తిట్టనివ్వండి."

"ఏమంటున్నాడో చెప్పమంటారా?" అడిగాడు గైడు.

"అక్కర్లేదు బాబూ. తెలుస్తూనే ఉంది."

బస్సు వైపు నాలుగడుగులు వేసిన భర్త ఆగాడు. వెనక్కొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. అతను ఊపిరి పీల్చుకోవడానికి ఆగి, ఈసారి ఆయన వైపు తిరిగి మళ్లీ తిట్లందుకున్నాడు.