ముందు వరస ధర

సూప్ కోసం పుట్టగొడుగులు, అడవి బియ్యం కొనుక్కుని మార్లిస్ కౌంటర్ దగ్గర పర్సు తీసింది. భర్త వెండెల్ భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఆ కార్డు కాదు మార్లిస్, నీలంది తియ్యి! కిరాణాకి మూడు రెట్లు మైళ్ళు."

ముప్ఫై ఏళ్ళుగా ఇదే పాట: కార్డు మీద ఖర్చుపెట్టినకొద్దీ విమానం కంపెనీ మైళ్ళు జమచేస్తుంది, అవి పోగైతే డబ్బు కట్టకుండా టిక్కెట్టు. ఆమె ఏం వండుతుందన్నది ఆయనకు అక్కర్లేదు, ఏ కార్డుతో కొంటుందన్నదే కావాలి. మిన్నియాపొలిస్ మంచులో కారు నడుపుకుంటూ వెళ్ళి ఆమె తెచ్చిన పాలు, అత్తగారి మందులు, కూతురి పళ్ళకు కట్టించిన తీగలు, అన్నీ విమానం మైళ్ళయ్యాయి. నలుగురిలో మాత్రం అవి "నా మైళ్ళు" అనేవాడు వెండెల్. "మావాడి బుర్రే బుర్ర" అని అత్తగారు మురిసిపోయేది. వంటింట్లో గిన్నెలు తోముతూ వింటున్న మార్లిస్‌కి ఒళ్ళు మండేది. ఏటా డిసెంబరు చివర, ఎక్కువ ఎగిరేవాళ్ళకి కంపెనీ ఇచ్చే బంగారు సభ్యత్వం జారిపోకుండా ఆయన ఏదో ఊరికి ఎగిరి, విమానాశ్రయం గడప దాటకుండానే తిరిగొచ్చేవాడు. దింపేదీ ఆమే, తెచ్చేదీ ఆమే. ఎక్కడికీ వెళ్ళకుండానే అలిసిపోయేది. మంచివాడే, చేయి చేసుకోడు, గొంతు పెంచడు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయేది.

ఇద్దరూ వెళ్ళాలనుకున్నది లిస్బన్‌కి. అక్కడ స్థిరపడిన చిన్ననాటి నేస్తం గ్రెచెన్ ఎప్పట్నుంచో రమ్మంటోంది. వెళ్తే ముందు వరసలో, కాళ్ళు చాపుకుని పడుకునే సీట్లలోనే వెళ్ళాలని వెండెల్ పట్టు. మొదట్లో కంపెనీవాళ్ళు మనిషికి యాభై వేల మైళ్ళన్నారు. అవి పోగయ్యేసరికి డెబ్బై చేశారు. డెబ్బై కూడేసరికి లక్ష. ఆ తర్వాత ధరల పట్టికే ఎత్తేసి, రోజుకో రేటు చెప్పసాగారు. మార్లిస్ ప్రతిసారీ గ్రెచెన్‌తో "వచ్చే ఏడు తప్పకుండా" అని, ఫోను పెట్టేశాక సిగ్గుతో చచ్చిపోయేది. మొన్న గ్రెచెన్ అడగనే అడిగింది: "నా మోకాళ్ళు పనిచేస్తుండగానే వస్తావా, లేదా?"

ఇంటికొచ్చి సూప్ పొయ్యి మీద పెట్టిందో లేదో, పక్క గదిలోంచి కేక.

"మళ్ళీ పెంచారే! సీటుకి రెండు లక్షల ఎనభై వేలట! సరేలే, ఇంకో రెండేళ్ళు ఆగుదాం."

మార్లిస్ గరిటె పక్కన పెట్టింది. రెండేళ్ళు. ఆ మాట ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలియదు. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు. ఆకలేసినప్పుడు తినాలనిపించినంత మామూలుగా, వెళ్ళాలనిపించింది.

"వెనక సీటుకెంత?" అంది, గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ.

"నలభై వేలు. దండగ! అంత దూరం ఇరుక్కుని కూర్చోవాలి."

"కాస్త జరుగు."

దుమ్ము తుడుస్తుందేమోనని జరిగాడు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని తన పేరనున్న మైళ్ళ ఖాతా తెరిచింది. కొత్త కార్డుకిచ్చే కానుక మైళ్ళ కోసం ఇలాంటి మగవాళ్ళు పెళ్ళాం పేరనా ఓ ఖాతా తెరుస్తారు. ఈయనా తెరిచి మరిచిపోయాడు. అందులో కావలసినదానికన్నా ఎక్కువే ఉన్నాయి. వచ్చే నెలలో ఓ మంగళవారం, కిటికీ పక్క సీటు. ఒక్కటే. నొక్కేసింది. ఎంత తేలిక! నవ్వొచ్చింది.

వెండెల్ నోరు తెరిచాడు. "మరి నేను?"

"నీ మైళ్ళు నీ దగ్గరే ఉన్నాయిగా వెండెల్," అంది మార్లిస్ ప్రేమగానే. "ముందు వరస ధర తగ్గాక రా."